కొత్త ఊళ్లో చేపల తావు

పోలవరం ముంపు కింద పోయిన ఊళ్ల లెక్క కాగితాల మీద ఉంది. ఇల్లెంత, పొలమెంత, బావి ఉందా లేదా, చింతచెట్లెన్ని, తాడిచెట్లెన్ని, అన్నిటికీ గడులున్నాయి, అన్నిటికీ ధర ఉంది. గోదారిలో మా తాతల కాలం నుంచి వల వేసుకుంటూ వచ్చిన తావులకు మాత్రం గడి లేదు. వాటికి పట్టా ఉండదు, సర్వే నంబరు ఉండదు. ఏ రాయి పక్కన ఏ నెలలో ఏ చేప ఉంటుందో తెలిసిన మనుషులుంటారు, అంతే. ఆ మనుషులు ఇప్పుడు జంగారెడ్డిగూడెం, జీలుగుమిల్లి, బుట్టాయగూడెం మండలాల్లోని కాలనీల్లో ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. కొత్త చోట మేం చేపల తావులు వెతుక్కున్న కథ, మాకంటే ముందు ఈ దిక్కుకు వచ్చినవాళ్లు వెతుక్కున్న కథ ఒకచోట రాసి పెట్టాలని ఈ ప్రయత్నం.

మాది వేలేరుపాడు మండలం, రుద్రంకోటకు దిగువన గోదారి గట్టు మీది చిన్న ఊరు. గొమ్ము కోయలం. వరద వదిలిపోయిన ఒండ్రు మీద మిరప, పొగాకు, జొన్న వేసుకుని బతికినవాళ్లం. నేను ఆశ్రమ పాఠశాలల్లో పంతులుగా చేసి రిటైరయ్యాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులెక్కినప్పుడు మా ఊరు మునిగింది. నీళ్లు తీశాక అదే దిబ్బ మీద మళ్లీ గుంజలు పాతుకున్నాం. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. మట్టం తక్కువే గాని ఈసారి దిగువన పోలవరం కట్ట లేచి ఉంది. గుట్ట మీద టార్పాలిన్ కింద తడిసిన జొన్నలు ఆరబోసుకుంటూ, ఇక ఈ దిబ్బ మీద గుంజ పాతేది లేదని పెద్దలు తేల్చుకున్నారు. తాడువాయి దగ్గర కట్టిన కాలనీకి మా కుటుంబం అలా వచ్చింది.

కాలనీలో పక్కా ఇల్లు, కరెంటు, రోడ్డు ఉన్నాయి. పిలిస్తే అంబులెన్సు గుమ్మం దాకా వస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు. పురిటి నొప్పులతో ఆడవాళ్లను పడవలో దాటించిన ఊరు మాది. అయితే పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఏటికి పోయి కూర తెచ్చుకునే రోజులు పోయాయి. ఇక్కడ చేప కావాలంటే జంగారెడ్డిగూడెం మార్కెట్లో ఐసు పెట్టెలోంచి తీసి తూచి ఇస్తారు. కొల్లేటి వైపు చెరువుల్లో పెరిగిన శీలావతి గాని, బొచ్చె గాని దొరుకుతుంది. చేతిలో డబ్బుంటేనే ఆ రోజు చేప.

గోదారి నేర్పిన చదువు

గోదారి చేప అంటే లోకమంతా పులస పేరే చెబుతుంది. పులస మా దాకా వచ్చేది కాదు. సముద్రం నుంచి వరదకు ఎదురీదే ఆ చేపకు 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ధవళేశ్వరం దగ్గరే అడ్డం పడింది. మా ఏట్లో ఉన్నవి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, ఇంత పొడుగు చేతుల రొయ్య. ఒక్కో దానికి ఒక్కో తావు. వాలుగకు లోతు మడుగు కావాలి. జెల్ల బండల సందులు వదలదు. రొయ్య రాతి కింద నీడలో ఉంటుంది. వేసవిలో కొండవాగులు తెగి గుంటలుగా మిగిలితే, కొన్ని చెట్ల బెరడు దంచి ఆ గుంటలో కలిపి, మత్తెక్కి తేలిన చేపల్ని పిల్లలు కూడా చేత్తో ఏరుకునేవాళ్లు.

తావు చూసే పద్ధతి నాకు మా పెదనాయన నేర్పాడు. ఏరు సన్నబడ్డ రోజుల్లో బండకు దిగువన, నీరు వెనక్కి మళ్లే చోటికి తీసుకుపోయేవాడు. ఎండుటాకు ఒకటి వేసి దాన్నే చూస్తూ ఉండమనేవాడు. ఆకు ముందుకు పోయి, ఆగి, గట్టు వైపు మళ్లి, తిరిగి బండ దగ్గరికే వస్తుంది. ఆకు తిరిగిన మేరలోనే పైనుంచి కొట్టుకొచ్చిన తిండి అంతా తిరుగుతుంటుంది. చేప అక్కడ ఏటితో పోరాడక్కర్లేకుండా నిలబడి తింటుంది. ఆ మేరకు బయట మెల్లగా అడుగేసి, నీడ నీటి మీద పడకుండా పొద్దుకు ఎదురుగా నిలబడాలి. విసురు వల అంచును పంటి కింద పట్టి, సగం మోచేతి మీద వేసుకుని, నడుం తిప్పి వదలాలి. సీసం గుళ్లన్నీ ఒక్కసారే నీటిని తాకిన చప్పుడైతే వల గుండ్రంగా పడ్డట్టు. విడివిడిగా టపటపమంటే ఎక్కడో మడత పడ్డట్టు. వెంటనే లాగకూడదు. గుళ్లు అడుగుకు దిగేదాకా తాడును వేళ్ల మధ్య వదులుగా పట్టుకోవాలి. లోపల చేప కొట్టుకోవడం కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది.

ఈ తావులు అందరివీ, అలాగని ఎవరు పడితే వాళ్లు వచ్చి వల దించేవీ కావు. ఫలానా బండ ఫలానా ఇంటివాళ్లది అని ఊరికి తెలుసు. ఆ ఇంటివాళ్లు రానప్పుడు మిగతావాళ్లు వేసుకోవచ్చు. పక్క ఊరి మనిషి వస్తే గట్టు మీద కూర్చుని ముందు పలకరించాలి, పట్టుకున్నదాంట్లో ఒకటి ఇచ్చి పోవాలి. రాతకోతలు లేకపోయినా ఇది ఆస్తి హక్కే. తగవు వస్తే కుల పెద్దలు కూర్చుని తీర్చేవాళ్లు.

ఒకే ఏడాది, రెండు కొలతలు

మా గోదారికి రెండు గట్లు, రెండు సర్కార్లు ఉండేవి. మా గట్టు నైజాముది. అవతలి గట్టున భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీవి. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ ఆ అవతలి గట్టు కోయల గురించి 1870ల్లోనే ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో రాశాడు. సర్కార్లు రెండైనా ఏరు ఒకటే, చుట్టరికాలు ఒకటే. అడవి మీద ఆంక్షలు ఒక గట్టున బిగిసినప్పుడు మనుషులు అవతలి గట్టుకు జరగడం మా ముసలివాళ్లు చెప్పిన మాటే. మద్రాసు వైపు 1882లో అడవి చట్టం వచ్చింది. పోడు మీద, అడవి మీద కట్టడి బిగిసిన ఆ కొండల్లోనే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరుగుబాటు లేచింది.

1941 దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆ ఏడాది పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరుగుతూ వాళ్ల పోడు, దుంపల తవ్వకం, పెళ్లిళ్లు, పండుగలు రాసుకుంటున్నాడు. వెదురు కొట్టించుకుని తెప్పలు కట్టి రాజమండ్రికి దింపుకునే వ్యాపారుల చేతుల్లో కొండరెడ్లు ఎలా నలుగుతున్నారో కూడా రాశాడు. ఆ పుస్తకం 1945లో అచ్చయింది. అదే 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ చీఫ్ ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ పోలవరం దగ్గర గోదారికి అడ్డంగా పెద్ద జలాశయం కట్టే ఆలోచన ముందుకు తెచ్చాడు. దానికి రామపాద సాగరం అని పేరు పెట్టుకున్నారు. అంటే మా కొండల బతుకును ఒకాయన రాస్తుండగానే ఆ బతుకు మీద నిలబడబోయే నీటి ఎత్తును ఇంకొకాయన లెక్కగడుతున్నాడు. 1981లో శంకుస్థాపన జరిగింది, 2004 తర్వాత పనులు ఊపందుకున్నాయి, 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ ఏడాదే మా వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిశాయి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి ఇల్లు వదలాల్సిన కుటుంబాలు దాదాపు లక్ష.

మా కథ చెప్పాలంటే ఈ తేదీలన్నీ కావాలి. ఎనభై ఏళ్ల పాటు ఏ నీరు ఎక్కడ నిలుస్తుందో లెక్కలు కట్టారు. ఆ నీటితో బతికినవాళ్లు కొత్త చోట ఏ నీటి దగ్గరికి పోవాలన్నది ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

వేట పండుగ

చేపతో పాటు వేట గురించీ చెప్పాలి. మా కోయల్లో విజ్జ పండుం అని ఉంది. విత్తనాలు చల్లబోయే ముందు చేసుకునే పండుగ. కొండరెడ్లు, మిగతా ఊళ్లవాళ్లు భూమి పండుగ అంటారు. విత్తనాలను దేవత ముందు పెట్టి మొక్కుతారు, మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. అడవి ఏదో ఒకటి ఇస్తేనే నేల పంటనిస్తుందని నమ్మకం. మగవాళ్లు అడవిలో ఉన్న రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, పాటలు పాడి, వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన వేటగాళ్ల మీద పేడనీళ్లు, బురద కొడతారు. నా చిన్నప్పుడు మా నాయన కూడా ఆ బురద పడ్డవాడే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో పాపికొండలు అభయారణ్యమయ్యాయి, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. అడవి మీద ఆదివాసుల హక్కుల్ని ఒప్పుకున్న 2006 చట్టం కూడా వేటను ఆ హక్కుల్లో చేర్చకుండా స్పష్టంగా పక్కన పెట్టింది. ఆ నియమాన్ని నేను కాదనను. కణుజులు తగ్గిపోయిన అడవిని చూసినవాణ్ణి. అదే చట్టం చేపల్నీ, నీటి వనరుల్లో దొరికే ఇతర వస్తువుల్నీ సామూహిక హక్కుగా గుర్తించింది. అంటే వేటలో మా చేతికి చట్టబద్ధంగా మిగిలింది నీటి వేట ఒక్కటే.

కాలనీకి వచ్చాక పండుగ వచ్చినప్పుడు మాకు దిక్కు తోచలేదు. దగ్గరి అడవి బుట్టాయగూడెం వైపుది. దానికి ఆనుకుని ఉన్న ఊళ్లవాళ్లకు వాళ్ల హద్దులున్నాయి, వాళ్ల దేవతలున్నారు. మా పెద్దలు ఒక కోడిని తీసుకుని అక్కడి పెద్దల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. "మీ అడవిలో మాకు వేట వద్దు పెద్దాయనా, విల్లు మొక్కుకోవడానికి ఒక చెట్టు చూపించండి చాలు," అన్నారు. వాళ్లు చూపించారు. ఇప్పుడు మా మగవాళ్లు విల్లు పట్టుకుని ఆ చెట్టు దాకా పోయి, మొక్కి, తిరుగుదారిలో చేపలు పట్టుకొస్తారు. దేవతకు అదే వేట. చేప దొరకని ఏడు ఆడవాళ్ల బురద మామూలే. అందుకని మాకు చేపల తావు కూర కోసమే కాదు, పండుగ నిలవడానికి కూడా కావాలి.

మెట్టలో నీళ్ల జాడ

జంగారెడ్డిగూడెం చుట్టూ మెట్ట. ఆయిల్ పామ్, కోకో, మొక్కజొన్న, వర్జీనియా పొగాకు. అన్నిటికీ బోర్ల నీళ్లే. ఏరు అని చెప్పుకోవాలంటే ఎర్రకాలువ. గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దాని ఒడ్డునే ఉంది. కొంగువారిగూడెం దగ్గర దాని మీద జలాశయం కట్టారు. బుట్టాయగూడెం వైపు నుంచి జల్లేరు వస్తుంది, దాని మీదా జలాశయముంది. ఎర్రకాలువ కిందికి పోయి తాడేపల్లిగూడెం దిక్కున డెల్టాలో దిగాక యనమదుర్రు డ్రెయిన్ అవుతుంది. పడమట చింతలపూడి దగ్గరి తమ్మిలేరు ఏలూరు మీదుగా కొల్లేట్లో కలుస్తుంది.

గోదారి చదువు ఇక్కడ సగమే పనికొచ్చింది. గోదారి ఏడాది పొడుగునా పారే ఏరు. ఎర్రకాలువ కొండల్లో వాన పడితే ఒక్క రాత్రిలో గట్లు దాటుతుంది, మాఘం పోయాక చాలా చోట్ల ఇసుకే. ఆకు వేసి చూద్దామంటే తిరిగే నీరే ఉండదు. అందుకని పిట్టల్ని చూడటం మొదలుపెట్టాం. పొద్దున్నే నీటికాకులు ఏ వైపు ఎగురుతున్నాయో ఆ వైపు లోతు నీరుంది. కొంగలు గుంపుగా దిగితే అది అరికాలు లోతు, చిన్న చేప. లకుముకి పిట్ట ఒకే తీగ మీద రోజూ కూర్చుంటే ఆ తీగ కింద గుంట ఎండదు.

పిట్టలకంటే బాగా చెప్పినవాళ్లు పశువుల కాపరులు. ఎర్రకాలువ ఒడ్డున గేదెల్ని తోలుకుపోతున్న ఒక ముసలాయన్ని కొరమీను ఎక్కడ దొరుకుతుందని అడిగాను. "ఏవూరండీ తమది?" అన్నాడు. చెప్పాను. కాసేపు నా మొహం చూసి, "ఎండాకాలంలో కూడా గేదెలు పడుకునే గుంట ఏదో చూసుకోండి మాస్టారూ. దాని అడుగు ఆరదండి. కొరమీను బురదలో ఉండిపోద్ది," అన్నాడు. ఆ మాట పట్టుకునే మాకు మొదటి తావు దొరికింది. పాత రోడ్డు కల్వర్టు కింద, వరద నీరు దూకి దూకి తవ్విన గుంట అది. పైకి చూస్తే నాలుగు అడుగుల పచ్చటి నీరు. గట్టు మీద కదలకుండా కూర్చుంటే కొంత సేపటికి ఒకచోట నీరు మెల్లగా ఉబ్బి, చిన్న బుడగ తేలి, మళ్లీ సర్దుకుంటుంది. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి పోయిన గుర్తు అది. అక్కడ విసురు వల పనికిరాదు, అడుగున చెట్ల వేర్లున్నాయి. ఊత కావాలి. పైన చేయి పట్టేంత కంత, కింద వెడల్పు నోరు ఉండే వెదురు బుట్ట. బుడగ లేచిన చోట గబుక్కున గుచ్చి, పై కంతలోంచి చేయి పెట్టి తడుముకోవాలి.

మా ఊళ్లో ఊతకు వెదురు అడవి నుంచి వచ్చేది. ఇక్కడ వెదురు కొనాలి. వెదురు బద్దలు చీల్చి అల్లడం తెలిసినవాళ్లు కాలనీలో ముసలివాళ్లే మిగిలారు. కుర్రాళ్లు నైలాను వల కొనుక్కుంటారు గాని, వేర్లున్న గుంటలో అది చిరిగిపోతుంది. చివరికి పక్క వీధి కొండరెడ్డి అవ్వ ఒకామె కూర్చుని నలుగురికి అల్లిక నేర్పింది. కొండరెడ్లు, కోయలు గోదారి మీద వేరువేరు ఊళ్లవాళ్లు. కాలనీలో ఒకరి నేర్పు ఒకరికి పనికొస్తోంది.

మృగశిర కార్తె వచ్చి మొదటి గట్టి వాన పడ్డాక ఇంకో చదువు మొదలవుతుంది. కొత్తనీరు దిగే చోటల్లా చేపలు ఎదురెక్కుతాయి. కాలువ నుంచి బోదెలోకి, బోదె నుంచి పొలంలోకి వస్తాయి. ఆ రెండు మూడు రాత్రుల్లో లాంతరు పట్టుకుని ఏ బోదెలో ఏ చేప ఎక్కిందో చూసి పెట్టుకుంటే ఏడాదంతా ఆ నీటి నడక తెలిసిపోతుంది. ఇది గోదారి మీదా ఉంది, ఇక్కడా ఉంది. కొత్త ఊళ్లో నాకు మొదట మనసు కుదిరింది ఆ వాన రాత్రే.

పాట పాడుకున్న నీళ్లు

తావు దొరికితే సరిపోదు, అది ఎవరిదో తెలియాలి. ఇక్కడ దాదాపు ప్రతి చెరువుకూ ఒక హక్కుదారు ఉన్నాడు. పంచాయతీ చెరువులకు వేలం పాట జరుగుతుంది. పాట పాడుకున్నవాడు పిల్లల్ని వదిలి పెంచుకుంటాడు. జలాశయాల్లో చేపలకు మత్స్యశాఖ లైసెన్సు, మత్స్యకారుల సొసైటీలు ఉన్నాయి. సొసైటీలో సభ్యత్వం తరాలుగా అక్కడ ఉన్నవాళ్లది. మేం నిన్న వచ్చినవాళ్లం. మా కుర్రాళ్లు తెలియక ఒక చెరువు అలుగు కింద వల వేస్తే కాపలా మనిషి వల లాక్కుని వెళ్లిపోయాడు. నీళ్లు చెరువు దాటి వచ్చాయి కదా అని వీళ్లు, చేప నేను పోసిందే కదా అని అతను. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అయితే గోదారి మీద అలాంటి తగవుకు కూర్చునే పెద్దలుండేవాళ్లు. ఇక్కడ కూర్చోబెట్టేవాళ్లు లేక వల పోయింది, మనసు చెడింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతం దాటి మైదానంలోకి వచ్చిన కాలనీలకు ఆ చట్టం అండ లేదు. మనిషి ఆదివాసీగానే ఉన్నాడు, అతని కింది నేల మారడంతో నీటి మీద అతని మాట చెల్లకుండా పోయింది.

కొల్లేటి ముందుమాట

మా కంటే ఎంతో ముందు నీళ్లు వెతుక్కుంటూ ఈ జిల్లాకు వచ్చి నిలదొక్కుకున్నవాళ్లు కొల్లేటి వడ్డీలు. ఒరిస్సా గజపతుల సైన్యం వెంట తమ పూర్వీకులు వచ్చారని, కొల్లేటికోట దగ్గర ఉండిపోయారని వాళ్లు చెప్పుకుంటారు. కోటలో పెద్దింట్లమ్మ వాళ్ల దేవత. కొల్లేరు వానాకాలం ఉబ్బి, వేసవిలో ముడుచుకునే సరస్సు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. ఆ ఉబ్బడం, ముడుచుకోవడం చూసుకుని వడ్డీలు లంకల మీద ఊళ్లు కట్టుకున్నారు. తాటి దోనెలు, మావులనే చేపల ఉచ్చులు, వలలతో ఏ ఊరి హద్దులో ఏ ఊరు పట్టుకోవాలో కట్టుబాటు పెట్టుకున్నారు. పరాయి నేల మీద తావుల్ని ఏర్పరచుకుని తరాల పాటు కాపాడుకున్న చరిత్ర అది.

1970ల్లో సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వుకోవడానికి ప్రభుత్వమే సొసైటీలకు భూమి ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో డబ్బున్నవాళ్ల చెరువులు వాటిని మించిపోయాయి. 1999లో అయిదో కాంటూరు లోపలి కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది, 2006లో ఆక్రమణ చెరువుల గట్లు తెంచారు. పక్షులకు, సరస్సుకు అది అవసరమే. అయితే వలతో, మావుతో బతికిన పేద వడ్డీకి పాత తావు కూడా తిరిగి దొరకలేదు. చెరువులు తవ్వినప్పుడే హద్దుల కట్టుబాటు చెదిరిపోయింది.

మా బావమరిది కొడుకు ఇప్పుడు కైకలూరు వైపు ఒక చెరువు మీద కాపలా ఉంటున్నాడు. పొద్దున్నే తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో పోసి నీటిలో పాతిన కర్రలకు కట్టడం అతని పని. చేపలు గుంపులుగా వచ్చి సంచిని కుమ్ముతుంటే చూస్తూ కూర్చుంటాడట. పట్టుబడి నాడు ఆ చేపలు ఐసు వేసుకుని లారీల్లో కలకత్తా పోతాయి. గోదారి గట్టున పుట్టి, పదేళ్లకే వాలుగ మడుగు చూపించిన పిల్లవాడు అతను. జీతం వస్తోంది, పని తప్పు కాదు. అతనికి తెలిసిన ఏటి చదువు మాత్రం అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

బయట ఏం చేశారు

చేపల తావు ఆస్తి అవుతుందా అని అడిగేవాళ్లకు రెండు ఉదాహరణలు చెబుతాను. అమెరికాలో కొలంబియా నది మీద సెలీలో జలపాతం దగ్గర అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా సాల్మన్ చేప పట్టారు. 1855లో రాసుకున్న ఒప్పందాల్లో, భూమి వదులుకున్నా అలవాటుగా పట్టే తావులన్నిటిలో చేపలు పట్టే హక్కు తమకు ఉంచుకున్నారు. 1957 మార్చి 10న డాలెస్ డ్యాం గేట్లు మూయడంతో కొన్ని గంటల్లో ఆ జలపాతం మునిగిపోయింది. అంతకు ముందు, 1938లో పూర్తయిన బాన్‌విల్ డ్యాం కింద మునిగిన తావులకు బదులు 400 ఎకరాలు ఇస్తామన్నారు. దశాబ్దాలు గడిచేసరికి ఇచ్చింది అయిదు చోట్ల 40 ఎకరాలు. వాళ్లు వదల్లేదు. 1988లో అమెరికన్ కాంగ్రెస్ మరో చట్టం చేసి ఇంకా తావులు చూపించాల్సి వచ్చింది. మునిగిన తావుకు బదులు తావు ఇవ్వాలన్న సూత్రం అక్కడ నిలబడింది.

రెండోది మన దేశంలోదే. మధ్యప్రదేశ్‌లో తవా డ్యాం కింద ఊళ్లు పోయిన గోండులు, కోర్కులు ఏళ్ల తరబడి కొట్లాడి 1996లో ఆ జలాశయంలో చేపల హక్కు సంపాదించారు. తవా మత్స్య సంఘ్ పేరుతో సహకార సమాఖ్య కట్టుకుని, పిల్లల్ని వదలడం, పట్టడం, అమ్మడం అన్నీ తామే నడిపించారు. 2006లో ఆ లీజు ముగిసి, పులుల అభయారణ్యం పేరుతో హక్కు ఆగిపోయింది. ఆ పదేళ్లూ నిర్వాసితులే జలాశయాన్ని నడపగలరని రుజువైంది. గోండులు మాకు భాషలో, రక్తంలో చుట్టాలు. వాళ్లకు చేతనైంది మాకూ చేతనవుతుంది.

అడుగుతున్నది

2013 భూసేకరణ చట్టం నిర్వాసితుల నిర్వచనంలో వేటగాళ్లను, జాలర్లను, పడవవాళ్లను పేరు పెట్టి చెప్పింది. నీటి ప్రాజెక్టుల కింద పోయినవాళ్లకు ఆ జలాశయంలో చేపల హక్కు ఉండాలనీ చెప్పింది. పోలవరం జలాశయం నిండాక ఆ హక్కు కాగితం మీద మాదే. అయితే ఆ నీటికీ మా కాలనీకీ మధ్య అడవి, కొండ, బస్సు చార్జీ ఉన్నాయి. హక్కు ఉన్న నీరు దూరం, దగ్గరున్న నీటి మీద హక్కు లేదు.

కాబట్టి నేను అడిగేవి మూడు. జలాశయం ఒడ్డున నిర్వాసితులకు పడవ కట్టుకునే రేవు, వల ఆరేసుకునే చోటు, రాత్రి తలదాచుకునే కొట్టం ఇవ్వాలి, కొలంబియా నది మీదివాళ్లకు ఇచ్చినట్టు పేరు పెట్టి, హద్దు గీసి ఇవ్వాలి. ఎర్రకాలువ, జల్లేరు జలాశయాల సొసైటీల్లో కాలనీవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలి. ఉన్న మత్స్యకారుల పొట్ట కొట్టకుండా, వాళ్లతో కూర్చుని వంతులు మాట్లాడుకుంటాం. మాకు వంతుల అలవాటుంది. మూడోది రాత పని. మునిగిన ఊళ్ల చేపల తావులన్నీ, పేరు, గుర్తు, చేప, కార్తె సహా రాయించాలి. ఈ పనికి సర్కారు కోసం ఆగక్కర్లేదని నేను మొదలుపెట్టాను. కాలనీలో ముసలివాళ్లు చెబుతుంటే బడి పిల్లలు నోటు పుస్తకాల్లో రాస్తున్నారు. కల్వర్టు గుంట, గేదెల గుంట, అలుగు కింది బోదె కూడా అదే పుస్తకంలో చేరాయి. పాత తావులు రాసి ఉంటే రేపు హక్కు అడగడానికి ఆధారం ఉంటుంది, కొత్త తావులు రాసి ఉంటే ఇక్కడ పుట్టిన పిల్లలకు ఈ నేల తమదన్న ధైర్యం ఉంటుంది. ఇల్లు కట్టి ఇచ్చినందుకు ప్రభుత్వానికి దండం పెడతాం. నీటిలో మా వాటా రాసిచ్చిన రోజునే పునరావాసం పూర్తయిందని ఒప్పుకుంటాం.